ఉప్పే డబ్బైన వేళ: పుదుచ్చేరి ఉప్పు ఒప్పందాలు

సైన్స్ ఫిక్షన్‌లో తరచూ ఒక ఊహా ఖనిజం కనిపిస్తుంది. అదే డబ్బు, అదే ఇంధనం. అది ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వారిదే. చరిత్రలో దానికి దగ్గరగా వచ్చిన ఖనిజం ఉప్పు. ఇథియోపియాలో 'అమోలే' అనే ఉప్పు దిమ్మెలు 20వ శతాబ్దం ఆరంభం వరకు డబ్బుగా చెల్లాయి. యంత్రాలు రాకముందు పనులు నడిపింది మనుషుల, పశువుల కండబలం. ఉప్పు లేనిదే ఏ ఒళ్లూ పనిచేయదు.

నేపథ్యం: మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ 1805లో ఉప్పుపై గుత్తాధిపత్యం నెలకొల్పింది. 1814 పారిస్ ఒప్పందం ప్రకారం పుదుచ్చేరిని ఫ్రెంచివారికి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఈ ప్రాంతం ఒకే ముక్క కాదు, మధ్యమధ్యలో బ్రిటిష్ గ్రామాలున్నాయి. ఇక్కడ చవకగా ఉప్పు పండితే అది సరిహద్దు దాటకుండా ఉంటుందా?

ఒప్పందాలు: 1815లో ఫ్రెంచి స్థావరాల్లో స్థానిక అవసరాలకు పోగా మిగిలిన ఉప్పును కొనే హక్కు బ్రిటిష్ వారికి దక్కింది. ఉప్పు, నల్లమందు ఏర్పాట్లకు బదులుగా ఫ్రాన్స్‌కు ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు. 1818లో ఇంకో అడుగు ముందుకు వేశారు. పుదుచ్చేరిలో ఉప్పు తయారీనే ఆపేశారు. ఉప్పు మడుల యజమానుల పరిహారానికి ఏటా 4,000 స్టార్ పగోడాలు.

విశ్లేషణ: సముద్రం, ఎండ, మడులు ఎక్కడికీ పోలేదు. మారింది అనుమతి ఒక్కటే. ఉప్పు పండించి కాదు, పండించకుండా ఉండి ఒక ప్రభుత్వం ఏటా సొమ్ము తీసుకుంది. అంటే ఖనిజం విలువ భూమిలో కాదు, నిషేధంలో పుట్టింది. పరిహారం యజమానులకు సరే, మడిలో ఉప్పు పోగుచేసిన కూలీకి ఏం మిగిలింది? మెయిన్స్‌లో రాయాల్సింది అంకెలతో పాటు ఈ ప్రశ్న కూడా.

ముగింపు: 1930లో గాంధీజీ దండిలో, రాజాజీ వేదారణ్యంలో పిడికెడు ఉప్పుతో సవాలు చేసింది ఈ అనుమతినే. 1947లో ఉప్పు పన్ను రద్దయింది. పుదుచ్చేరి బీచ్‌రోడ్డులో గాంధీ విగ్రహం పక్కనే సముద్రం ఉంది. ఒకప్పుడు ఆ నీటిని ఎండబెట్టుకోవడానికి కూడా ఇక్కడి వారికి హక్కు లేదు. నేడు లిథియం, కోబాల్ట్ గురించి చదివేటప్పుడు నిల్వలెక్కడ అన్నదానితో ఆగకండి. తవ్వే అనుమతి ఎవరిది, ప్రతిఫలం ఎవరికి అని కూడా అడగండి.