అస్తాచల్

మదనపల్లె దగ్గర కురబలకోట మండలంలోని రిషివ్యాలీ పాఠశాలలో పొద్దుగూకే వేళ పిల్లలు మౌనంగా కూర్చునే ఆనవాయితీ పేరు అస్తాచల్. సంస్కృతంలో అస్తాచలమంటే పడమటికొండ. ఇందులో జపం, శ్వాస లెక్కలు ఉండవు. కొండల వెనక్కి దిగే సూర్యుణ్ణి చూస్తారు, గూళ్లకు చేరే పిట్టల సందడి వింటారు, అంతే.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1926 ప్రాంతంలో ఈ లోయను విద్యాలయం కోసం ఎంచుకున్నారు. ధ్యానపద్ధతులన్నింటినీ ఆయన తోసిపుచ్చారు. మనసు తన కదలికలను తానే గమనించుకోవాలన్నారు. కాబట్టి అస్తాచల్‌ను సాధన అనడం కన్నా విరామం అనడమే సబబు.

లోయ మొదట్లో ఇంత పచ్చగా లేదు. వానలు తక్కువ, చుట్టూ బోడికొండలు. దశాబ్దాలపాటు మొక్కలు నాటి, వాననీటిని నిలిపాక నీడ పెరిగింది. 1991లో దీన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అరుదైన పసుపుగొంతు పికిలిపిట్ట ఈ రాతిగుట్టల్లో కనిపిస్తుంది.

ఈ ప్రాంతపు పొడిగాలికి ఒకప్పుడు వైద్యంలోనూ పేరుండేది. క్షయకు మందులు రాకముందు రోగులకు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో మంచిగాలి, విశ్రాంతి, బలమైన తిండి చికిత్సలో ముఖ్యభాగం.