ఖాళీ గడిలో సున్నా వేయకండి

మా ఆవిడ 2019 నవంబరులో పోయింది. కర్మకాండ ఏదీ చేయలేదు. అది ఆమెకీ నాకూ ముందే కుదిరిన మాట. పదమూడో రోజున ద్వారకలోని మా ఫ్లాటుకి పాత సహోద్యోగి ఒకాయన వచ్చారు. కాసేపు కూర్చుని, "ఊరుకోండి సార్, అంతా శూన్యమే. మన నాగార్జునుడు ఎప్పుడో చెప్పాడు కదా, నాగార్జునకొండలో కూర్చుని! ఆ శూన్యమే ప్రపంచానికి సున్నా అయింది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను తల ఊపాను. కాదనడానికి నాకు నోరు లేదు. ఢిల్లీలో తెలుగువాళ్ళ ఉగాది సభల్లో ఆ మాట చాలాసార్లు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నది నేనే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రక్షణ లెక్కల శాఖలో ముప్పై ఆరేళ్ళు పనిచేశాను. వోచరు లేని బిల్లు ఎంత పెద్ద అధికారి పంపినా వెనక్కి తిప్పాను. ఈ ఒక్క బిల్లుని మాత్రం వోచరు అడక్కుండా ఎందుకు పాస్ చేశాను? మనవాడి బిల్లు కాబట్టి. అంతకు మించి కారణం లేదు. ఆ తర్వాత కొన్ని నెలలు కూర్చుని దాన్ని ఆడిట్ చేశాను. అందులో మూడు పద్దులున్నాయి. నాగార్జునుడు నాగార్జునకొండలో ఉన్నాడన్నది ఒకటి. ఆయన చెప్పిన శూన్యం అంటే 'ఏమీ లేదు' అన్నది రెండు. ఆ శూన్యం నుంచే సున్నా పుట్టిందన్నది మూడు.

మొదటి పద్దు చూద్దాం. నాగార్జునకొండ శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వించారు. శాసనాలను ఫోగెల్ చదివి ప్రచురించారు. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల నాటిది. కొండకి శాసనాల్లో ఉన్న పేరు శ్రీపర్వతం. శాసనాలు రాసిన వాళ్ళు మా శాఖవాళ్ళలాగే వివరం వదలరు. మహాచైత్యానికి దానమిచ్చిన రాజు మేనత్త చాంతిసిరి పేరుంది, ఉపాసిక బోధిసిరి పేరుంది. అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అంటూ బౌద్ధ శాఖల పేర్లున్నాయి. ఎవరి పాలన ఎన్నో ఏట కట్టారో ఉంది. ఇన్ని ఉన్నచోట ఆ కాలపు శాసనాల్లో నాగార్జునాచార్యుడి పేరు లేదు.

జగ్గయ్యపేటలో దొరికిన ఒక శాసనంలో ఆ పేరు కనిపిస్తుంది. నాగార్జునాచార్యుని శిష్యుడి శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధ ప్రతిమ నెలకొల్పాడని అందులో ఉంది. కానీ అక్షరాల తీరుని బట్టి పండితులు దాన్ని ఆరో శతాబ్దం ప్రాంతానిదిగా లెక్కగట్టారు. మన తత్వవేత్త రెండు, మూడు శతాబ్దాల మనిషి అంటారు. లెక్క కలవదు. ఇక మిగిలినవి కథలు. అయిదో శతాబ్దం మొదట్లో కుమారజీవుడి పేరు మీద చైనా భాషలో వచ్చిన జీవితచరిత్ర ఆయన్ని దక్షిణాది బ్రాహ్మణుడంటుంది, నాగలోకానికి వెళ్ళి గ్రంథాలు తెచ్చాడనీ అంటుంది. ఏడో శతాబ్దంలో వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ ఆయన్ని కోసల దేశంలో, ఒక శాతవాహన రాజు కట్టించిన కొండ విహారంలో ఉంచాడు. టిబెట్ గ్రంథాలు కొన్ని ఆరువందల ఏళ్ళకు దగ్గరగా ఆయుష్షు ఇచ్చాయి. పింఛను ఇవ్వాల్సివస్తే మా శాఖ దివాలా తీసేది!

అయితే ఆయన అక్కడ లేడని తేలిందా? తేలలేదు. ఇది గమనించండి. ఆఫీసుల్లో 'నిల్ రిపోర్టు' అని ఒకటుంటుంది. 'మా దగ్గర ఏమీ లేదు' అని సంతకం చేసి పంపేది. అసలు రిపోర్టే రాకపోవడం వేరు. నిల్ వస్తే గడిలో సున్నా వేస్తాం. రిపోర్టు రాకపోతే గడి ఖాళీగా వదులుతాం. ఖాళీ గడిలో సున్నా వేసినవాడూ తప్పు చేసినట్టే, తనకి నచ్చిన అంకె వేసినవాడూ తప్పు చేసినట్టే. నాగార్జునుడి నివాసం ఖాళీ గడి. నాగార్జునసాగర్‌కి నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1954 నుంచి 1960 దాకా సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వగలిగినంత తవ్వారు. కొన్ని కట్టడాలను కొండమీదికి చేర్చారు, లోయ నీటిలో మునిగింది. ఆ గడి ఎప్పటికీ ఖాళీగానే ఉండిపోవచ్చు.

రెండో పద్దు. మూలమధ్యమకకారికలో 27 అధ్యాయాలున్నాయి. అందులో శూన్యమంటే 'ఏమీ లేదు' అని కాదు. ఏ వస్తువుకీ తనంత తానుగా నిలిచే స్వభావం లేదు, ప్రతిదీ మరికొన్నిటి మీద ఆధారపడి ఉంటుంది అని. శూన్యాన్ని తప్పుగా పట్టుకోవడం పాముని తప్పుగా పట్టుకోవడం లాంటిదని ఆయనే హెచ్చరించాడు.

నాకు ఇది పుస్తకం కంటే ముందు బ్యాంకు క్యూలో అర్థమై ఉండాల్సింది. 2016 నవంబరు 8 రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. మర్నాటికి కాగితం అదే, రంగు అదే, గాంధీ గారి బొమ్మ అదే. క్యూలో నా పక్కన నిలబడి మా ఆవిడ, "నిన్న చెల్లింది, ఇవాళ చెల్లదంటే అసలు ఇందులో ఏముందండీ?" అని అడిగింది. విలువ కాగితంలో లేదు. ప్రభుత్వం మాటలో, కూరలవాడి నమ్మకంలో, మన అవసరంలో ఉంది. అంతమాత్రాన నిన్న ఆ నోటుతో కొన్న వంకాయలు అబద్ధం కావు. నాగార్జునుడి వాదం సుమారుగా ఇదే.

అలాగని మన జెండా ఆయన చేతికి ఇవ్వనక్కరలేదు. ఆయన భిక్షువు. ఆయన పేరుమీదున్న రత్నావళిలో పుణ్యం, పునర్జన్మ ఉన్నాయి. తర్కం వాడినవాళ్ళందరూ హేతువాదులు కారు.

మూడో పద్దు. సున్నాని ఒక అంకెగా తీసుకుని కూడిక, తీసివేతలకు నియమాలు రాసింది బ్రహ్మగుప్తుడు, 628లో. ఆయన ఊరు నేటి రాజస్థాన్‌లోని భిన్‌మాల్ అంటారు. ఆయన ధనం, ఋణం అనే మాటలతోనే కూడిక తీసివేతలు చెప్పాడు. బౌద్ధ తత్వం కంటే వ్యాపారి చిట్టాకి దగ్గరగా ఉంటుంది. సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా వస్తుందని పొరపాటూ రాశాడు. మహానుభావులూ తప్పుతారు. ఢిల్లీ నుంచి ఒక్క పూట రైలు ప్రయాణంలో ఉన్న గ్వాలియర్ కోటలో, చతుర్భుజ ఆలయంలో 876 నాటి శాసనముంది. గుడికిచ్చిన తోట 270 మూరలు, 187 మూరలు. రోజుకి 50 పూలదండలు. ఆ 270లో, 50లో మనం ఇవాళ రాసే సున్నా గుండ్రంగా ఉంది. అక్కడ ఒకట్లు లేవని తెలిసి వేసిన గుర్తు అది. అది ధ్యానం నుంచి వచ్చిన వాక్యం కాదు, దానపు లెక్క. నాగార్జునుడి నుంచి ఈ గణితానికి దారి ఉందనడానికి నాకు ఆధారమేమీ దొరకలేదు. మాట ఒక్కటే. మాట ఒక్కటైనంత మాత్రాన వంశం ఒక్కటి కాదు.

తర్వాతి ఉగాది సభలు కరోనాతో ఆగాయి. మళ్ళీ మొదలయ్యాక లేచి, "ఇన్నాళ్ళూ నేను చెప్పింది వోచరు లేని పద్దు, వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. చప్పట్లు రాలేదు. ఒకాయన "తెలుగువాడివేనా?" అని అడిగారు. తెలుగువాణ్ణే. అందుకే తెలుగువాళ్ళ లెక్క తప్పు ఉండకూడదంటున్నాను.

ఇక ఆ మిత్రుడి మొదటి మాట. అంతా శూన్యమేనా? మా ఆవిడ ఇంటి ఖర్చుల పుస్తకం రాసేది. పాలు, కూరలు, గ్యాసు, పనమ్మాయి జీతం. ఆమె ఆసుపత్రికి వెళ్ళిన రోజు తర్వాత పేజీలన్నీ ఖాళీ. వాటిలో నేను ఏమీ రాయలేదు. ఆమె ఎక్కడో ఉందని రాయడానికి ఆధారం లేదు. అంతా మాయ, ఎప్పుడూ ఏమీ లేదు అని సున్నా చుట్టడానికి అంతకన్నా ఆధారం లేదు. ముందు పేజీల్లో 38 ఏళ్ళ లెక్క ఆమె చేతిరాతలో ఉంది.

ఖాళీ బాధ పెడుతుంది. బాధ పెడుతోంది కదా అని దొంగ పద్దు రాయలేం. ఆలోచించండి.