మత్తుకు వైద్యం: ఆస్పత్రిలోనా, ఇంటి దగ్గరా?

ఈ మధ్య మా విద్యార్థులూ, తోటి ఉపాధ్యాయులూ తరచు అడుగుతున్న ప్రశ్న వొకటి వుంది. తాగుడుకో మత్తుమందుకో లోబడినవాణ్ణి, మనసు చెదిరినవాణ్ణి ఏదైనా కేంద్రంలో నెలో రెండు నెలలో వుంచి వైద్యం చేయించటం మేలా, లేక ఇంటి దగ్గరే వుంచి ఫోనులోనో వీడియోలోనో డాక్టరుతో మాట్లాడిస్తూ మందులు వాడించటం మేలా? అడిగేవారిలో చాలామందికి ఇది వుత్త చర్చ కాదు. తమ్ముడో, మేనమామో, హాస్టల్లో పక్క మంచం స్నేహితుడో కళ్ళముందు మెదులుతూ వుండగా అడుగుతారు.

వైద్యం సంగతి వైద్యులే చెప్పాలి. అయితే ఈ ప్రశ్నకు వొక చరిత్ర వుంది. అది చెప్పటం నా పని. లోపల పెట్టాలా, బయట వుంచాలా అన్న తగవు మూడు వందల యేళ్ళకు పైబడినది. ఇన్నేళ్ళలోనూ జవాబును నిర్ణయించింది రోగి అవసరం కన్న, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, లాభం ఎవరికి పోవాలి, రోగిని చూసి భయపడుతున్నది ఎవరు అన్న విషయాలే. ఇది గుర్తించకుండా కరపత్రాలు చూసి, వెబ్‌సైట్లు చూసి ఎంచుకుంటే మనం ఎంచుకున్నామని భ్రమపడటమే అవుతుంది.

గోడలు మొదట వైద్యం కోసం లేవలేదు. 1656లో ఫ్రెంచి రాజు శాసనంతో పారిస్‌లో ఏర్పడిన జనరల్ హాస్పిటల్ పేరుకు ఆస్పత్రి. అందులో కుక్కింది బిచ్చగాళ్ళనూ, దేశదిమ్మరులనూ, దిక్కులేని ముసలివాళ్ళనూ, పిచ్చివాళ్ళనూ కలిపి. ఫ్రెంచి విప్లవం తర్వాత అక్కడి పిచ్చివాళ్ళ సంకెళ్ళు తెంచినవాడు పినెల్ అనే డాక్టరని పాఠ్యపుస్తకాలు రాస్తాయి, పటాలు కూడా వేశారు. బిసెత్ర్ ఆస్పత్రిలో 1797లో సంకెళ్ళు తీయించినవాడు నిజానికి జాన్ బతీస్త్ ప్యుసాఁ. తోళ్ళు శుద్ధిచేసే పనివాడు. గండమాల జబ్బుతో అదే ఆస్పత్రిలో రోగిగా చేరి, నయమయ్యాక అక్కడే పనికి కుదిరి, పిచ్చివాళ్ళ వార్డుకు పెద్ద అయినాడు. పినెల్ అతని దగ్గర నేర్చుకున్నానని దాచలేదు. దాచినవారు తర్వాత చరిత్ర రాసినవారు. తోలుపనివాడికి దక్కవలసిన పేరు డాక్టరుగారి ఖాతాలో పడటం మన దేశంలో చదువుకున్నవారికి వింతగా తోచదనుకుంటాను.

మన దేశంలో ఈ గోడలు తెల్లదొరలతో వచ్చాయి. 1857 తిరుగుబాటు అణగగానే 1858లో పిచ్చాసుపత్రుల చట్టం చేశారు. 19వ శతాబ్దం 70వ దశకం నాటికి మద్రాసు రాజధానిలో మద్రాసు, విశాఖపట్నం, కాలికట్ వూళ్ళలో ఇవి నడుస్తున్నాయి. లోపలికి పంపే అధికారం ప్రధానంగా మేజిస్ట్రేటుది, పట్టుకొచ్చేది పోలీసు. 1912 చట్టం వచ్చాక కూడా పద్ధతి పెద్దగా మారలేదు. ఆ 1912 చట్టమే, స్వాతంత్ర్యం వచ్చిన నలభై యేళ్ళ తర్వాత 1987లో కొత్త చట్టం చేసేవరకూ, మనల్ని ఏలింది.

ఇక్కడ వొక్క విషయం దగ్గర ఆగాలి. 1893లో బ్రిటిషు ప్రభుత్వం గంజాయి, భంగు వాడకాన్ని విచారించటానికి వొక సంఘాన్ని వేసింది. గంజాయి వల్ల పిచ్చి పుడుతుందనటానికి అప్పటిదాకా చూపుతున్న పెద్ద సాక్ష్యం పిచ్చాసుపత్రుల రిజిస్టర్లే. ప్రతి రోగి పేరు ఎదుట 'కారణం' అని వొక గడి వుండేది. సంఘం ఆ గడులు ఎలా నిండాయో ఆరా తీసింది. చాలాచోట్ల రోగిని తెచ్చిన పోలీసు రాసుకొచ్చిన మాటే రిజిస్టరులోకి ఎక్కింది. వైద్యుడు విచారించి రాసింది కాదు. కారణం తెలియనప్పుడు గంజాయి అని రాసెయ్యటం సులువు. 1894 నివేదికలో ఆ అంకెలను నమ్మటానికి వీలులేదని సంఘమే తేల్చింది. రోగి నోట మాట రాకముందే అతని జబ్బును పోలీసు నిర్ణయించిన కాలం అది. గంజాయి మీదా, నల్లమందు మీదా, సారా మీదా పన్ను వసూలు చేసుకున్నదీ ఆ ప్రభుత్వమే. అమ్మే చెయ్యీ, బంధించే చెయ్యీ వొకటే. నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ సంస్థల చేతుల్లోనే వున్న సంగతి మనం మరవరాదు.

ఇక వ్యసనానికే ప్రత్యేకించిన కేంద్రాల కథ అమెరికాలో వేగంగా నడిచింది. 1879లో ఇల్లినాయ్ రాష్ట్రంలో డ్వైట్ అనే చిన్న వూళ్ళో లెస్లీ కీలీ అనే డాక్టరు బంగారం కలిపిన మందుతో తాగుడు మాన్పిస్తానని దుకాణం తెరిచాడు. వచ్చినవారికి రోజుకు నాలుగు సూదులు, దాదాపు నాలుగు వారాల బస. రాలేనివారికి అదే మందు సీసాలు పోస్టులో ఇంటికి పంపేవాడు. మందులో ఏముందో చివరిదాకా చెప్పలేదు. వుండి చేయించుకొనేది, ఇంటి దగ్గర చేయించుకొనేది అని రెండు వైద్యాలనూ వొకే వ్యాపారి వొకే మందుతో అమ్మిన ఈ ముచ్చట చదివినప్పుడు నాకు నేటి ప్రకటనలు గుర్తొచ్చాయి.

1935లో అదే దేశంలో రెండు పనులు జరిగాయి. కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ దగ్గర కేంద్ర ప్రభుత్వం మత్తుమందుల రోగులకు పెద్ద సంస్థ కట్టింది. అది సగం జైలు, సగం ఆస్పత్రి. పొలాలూ, పాడీ కూడా వున్నాయి. ఒహాయో రాష్ట్రంలో యాక్రన్ పట్నంలో వొక షేర్ల దళారీ, వొక శస్త్రవైద్యుడు, ఇద్దరూ తాగుబోతులే, కూర్చుని వొకరి గోడు వొకరు విన్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అక్కడ పుట్టింది. దానికి భవనం లేదు, ఫీజు లేదు. దాని దైవచింతన నాకు మింగుడుపడదు గాని, రాత్రి పదిగంటలకు పిలిస్తే పలికే మనిషిని అది ఇచ్చిందని ఒప్పుకోవాలి. లెక్సింగ్టన్ నుంచి న్యూయార్కుకు తిరిగిపోయినవారిలో 90 శాతం దాకా కొద్ది నెలల్లోనే మళ్ళీ మత్తులో పడ్డారని 1962లో వెలువడిన పరిశీలన చెప్పింది. ఎందుకు పడరు? పొలం గాలి పీల్చి, మళ్ళీ అదే సందులోకి, అదే నిరుద్యోగంలోకి, అదే అమ్మకందారు ముంగిట్లోకి దిగారు. 1965లో డోల్, నిస్వాండర్ అనే డాక్టర్లు మెథడోన్ అనే మందు ఇస్తూ, రోగిని ఇంటి దగ్గరే వుంచి పనికి పంపవచ్చునని చూపిన తర్వాతనే ఆ గోడల ప్రతిష్ఠ సడలింది.

లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ బృందం 1977లో ప్రకటించిన పరిశోధన ఇంకా నేరుగా ఈ తగవును తాకింది. తాగుడుకు లోబడిన వందమంది పెళ్ళయిన మగవాళ్ళను రెండు జట్లు చేశారు. వొక జట్టుకు నెలల తరబడి వైద్యం, అవసరమైతే ఆస్పత్రిలో చేర్చుకోవటం కూడా. రెండో జట్టుకు భార్యాభర్తలను కూర్చోబెట్టి వొకే వొక్కసారి గట్టి సలహా. యేడాది తర్వాత చూస్తే రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ పరిశోధనను చూపి ఆస్పత్రులే దండగ అనేవారున్నారు. వారు వొక్క మాట దాటేస్తారు: ఆ వందమందికీ ఇల్లుంది, ఆ ఇంట్లో భార్య వుంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద పడుకొనే కూలీ ఆ లెక్కలో లేడు.

గోడలు తీసేస్తే చాలుననుకున్నందుకు ఏమయిందో కూడా అమెరికాయే చూపింది. 1955లో అక్కడ రాష్ట్రాల మానసిక వైద్యశాలల్లో దాదాపు 5 లక్షల 58 వేలమంది వున్నారు. 1963 చట్టం వూరూరా వైద్య కేంద్రాలు పెడతామన్నది. ఆస్పత్రులు ఖాళీ అయినాయి. కేంద్రాలు అనుకున్నన్ని లేవలేదు. ప్రభుత్వాలకు డబ్బు మిగిలింది, రోగులు వీధుల్లోకీ జైళ్ళలోకీ చేరారు. అదే పనిని ఇటలీలో త్రియేస్తె పట్నంలో బజాలియా మరో విధంగా చేశాడు. 1971 నుంచి ఆస్పత్రిని మూసుకుంటూ వస్తూ, రోగులకు ఇళ్ళూ, సహకార సంఘాల్లో పనులూ, రాత్రింబవళ్ళు తెరిచి వుండే వూరి కేంద్రాలూ ముందు ఏర్పాటు చేశాడు. 1978లో ఇటలీ పార్లమెంటు చేసిన 180వ చట్టానికి పునాది అది.

మనవాళ్ళు కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1950 తర్వాత అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో డేరాలు వేయించి, రోగి వెంట బంధువులను వుండనిచ్చాడు. వాళ్ళకే జబ్బు గురించి పాఠం చెప్పేవాడు. 1957 నుంచి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వారి కేంద్రంలో కుటుంబం రోగితో కలిసి వుండటమే పద్ధతి. మద్రాసులో 1980లో మొదలైన టి.టి.కె. ఆస్పత్రివారు 1989 నుంచి తంజావూరు ప్రాంతంలో మంజక్కుడి గ్రామంలోనే తాగుడు మాన్పే శిబిరాలు నడిపారు. వూరే వార్డు, వూరివాళ్ళే తోడు. బళ్ళారి జిల్లాలో 1985లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి జిల్లా అంతటా మానసిక వైద్యం చేసి చూపారు. ఇవన్నీ లోపలా బయటా అనే గీతను చెరిపిన ప్రయత్నాలు; ఇవి చాలినంత పెరగలేదు, బడ్జెట్లో మానసిక ఆరోగ్యానికి దక్కేది ఎప్పుడూ పిసరంతే గనుక.

అలాగని ఆస్పత్రి మంచం అక్కరలేదని ఎవరూ అర్థం చేసుకోకూడదు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. తాటిచెట్టు, ఈతచెట్టు కల్లుకు బదులు నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలం వంటివి కలిపి యేళ్ళ తరబడి అమ్మారు. తాగినవారు కూలీలూ, బీడీలు చుట్టే ఆడవాళ్ళూ. వొక్కసారిగా సరుకు ఆగేసరికి నిజామాబాద్‌లోనూ, చుట్టుపక్కల జిల్లాల్లోనూ మనుషులు వణుకుతూ, మూర్ఛలతో, సంధిమాటలతో ఆస్పత్రులకు వచ్చిపడ్డారు. ప్రాణాలు పోయాయి కూడా. దీని లోగుట్టు కష్టమైనది కాదు. సారా, నిద్రమాత్రలు మెదడును అణచి వుంచుతాయి. మెదడు ఆ అణచివేతకు ఎదురొడ్డి పనిచెయ్యటానికి అలవాటు పడుతుంది. హఠాత్తుగా మత్తు తీసేస్తే ఆ ఎదురొడ్డు మిగిలి, రెండు మూడు రోజుల్లో మూర్ఛలూ, మతిభ్రమా పుట్టిస్తుంది. అటువంటివాడికి వీడియోలో ధైర్యం చెప్పటం హత్యతో సమానం. మూర్ఛలు ముందు వచ్చినవాడికీ, చచ్చిపోతానంటున్నవాడికీ, ఇంట్లోనే సీసా తిరుగుతున్నవాడికీ మంచం కావాలి. కొద్దిరోజులకు తగ్గుముఖం పడుతుంది. ఆ తర్వాతి సంవత్సరం ఎవరు చూస్తారన్నది అసలు ప్రశ్న. మూడు నెలల ఫీజు ముందే పుచ్చుకొనే కేంద్రం దానికి జవాబు చెప్పదు.

నాకు బాగా తెలిసిన వొక కుటుంబం కొడుకును అలాంటి వొక ప్రైవేటు కేంద్రంలో చేర్చింది. అర్ధరాత్రి నలుగురు వచ్చి కారులో వేసుకుపోయారు. నెలరోజులు తల్లితో మాట్లాడనివ్వలేదు. అక్కడ డాక్టరు వారానికొక్కసారి వస్తాడని తర్వాత తెలిసింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టివున్న 28 మంది మనోరోగులు పాకకు నిప్పంటుకొని కాలిపోయిన దేశం మనది. గొలుసు తీసి తాళం వేస్తే నాగరికత అయిపోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. గొలుసులను నిషేధించింది, సంస్థలు రిజిస్టరు కావాలన్నది. రోగి సమ్మతి లేకుండా చేర్చుకోవటానికి షరతులు పెట్టింది, మొదటి విడత ముప్పై రోజులు మించకూడదన్నది. ఇది విద్యార్థి సంఘాలు చదివి, నలుగురికీ చెప్పవలసిన చట్టం.

దూరం నుంచి వైద్యమూ నేటి వింత కాదు. నెబ్రాస్కాలో 1959లోనే టెలివిజను తీగల మీద మనోవైద్యులు రోగులతో మాట్లాడారు. 1964లో 112 మైళ్ళ అవతలి ఆస్పత్రిని దానితో కలిపారు. మద్రాసు స్కార్ఫ్ సంస్థ 2010లో పుదుక్కోట్టై పల్లెలకు బస్సు పంపింది. బస్సులో తెర మీద డాక్టరు కనిపిస్తాడు, చీటీ రాస్తాడు, మందు అదే బస్సులో చేతికిస్తారు. ఆ చివరి మాట ముఖ్యం. 2020లో కరోనా తాళాల నడుమ మార్చి 25న వచ్చిన మార్గదర్శకాలు ఫోను వైద్యానికి చట్టబద్ధత ఇచ్చాయి గాని, ఎన్.డి.పి.ఎస్. చట్టం కిందికి వచ్చే మందులు ఫోనులో రాయరాదన్నాయి. అంటే హెరాయిన్ రోగికి ఎక్కువగా అక్కరకొచ్చే బ్యుప్రినార్ఫిన్ వంటిది ఆ దారిలో దొరకదు. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ మొదలయింది. 14416కు తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మంచిదే. అయితే వొకే గది ఇంట్లో, భర్త పక్కనే కూర్చుని వుండగా, అతని చేతిలోని ఫోనులో భార్య ఏమని మాట్లాడుతుంది? తలుపు వేసుకొనే గది వున్నవాడికి వీడియో వైద్యం స్వేచ్ఛ. గదీ, జీతంతో సెలవూ వున్న ఉద్యోగి రెంటిలో ఏదైనా ఎంచుకోగలడు. రోజుకూలీ నెలరోజులు మంచం మీద వుంటే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఢిల్లీ ఎయిమ్స్ వారు దేశమంతటా చేసి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి వొక్కరికే ఏదో వొక వైద్యం అందింది. ఆస్పత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందికి వొక్కరు. ఇంటి దగ్గరా, ఆస్పత్రిలోనా అని మనం తర్కించుకుంటున్నది ఆ 38వ మనిషి గురించి. మిగిలిన 37 మంది గురించి ఈసారి శాసనసభలో ఎక్సైజు పద్దు చర్చకు వచ్చినప్పుడు ఎవరైనా అడుగుతారేమో చూడాలి. ఆ పద్దు పక్కనే మానసిక ఆరోగ్యం పద్దు కూడా పెట్టి చదవమని మా విద్యార్థులకు ఈ యేడు పని చెప్పాను.