అనుమతి లేని బడి

దేశాలు దాటివచ్చి పల్లెబడి కట్టడాన్ని ఇవాళ సేవ అంటున్నారు. నిజాం పాలనలోని తెలంగాణలో సొంత ఊళ్ళో తెలుగు బడి పెట్టడమే రాజకీయం. రాజభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాషా అదే. జనం భాషకు చోటు వెతుకుతూ 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలిసింది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది.

ప్రైవేటు బడి పెట్టాలన్నా, సభ జరపాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఎందుకింత భయం? అక్షరం వచ్చిన రైతు దొర రాయించుకున్న అప్పుపత్రం చదువుతాడు. వెట్టి ఏ చట్టంలో ఉందని అడుగుతాడు. 1940లలో సంఘం ఊళ్ళకు చేరినప్పుడు ఆ ప్రశ్నే పోరాటమైంది.

కనుక బడి చరిత్ర రాసేటప్పుడు గోడలు కట్టించిన దాతలను లెక్కించి ఆగిపోకూడదు. ఆ బడి ఎవరి భాషలో నడిచింది, ఎవరిని ప్రశ్నించడం నేర్పింది అన్నదే మన కొలత కావాలి.