గేమింగ్ ల్యాప్‌టాప్ కూలింగ్ ప్యాడ్ పరీక్ష

కూలింగ్ ప్యాడ్ అంటే ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పీట. ఇది అడుగు వైపు నుంచి ల్యాప్‌టాప్‌కు గాలి అందిస్తుంది. దీనివల్ల గేమింగ్ ల్యాప్‌టాప్ వేడి నిజంగా తగ్గుతుందా, తగ్గితే ఎంత అన్నది కొలిచి తేల్చడమే కూలింగ్ ప్యాడ్ పరీక్ష. మిగతావన్నీ ఒకేలా ఉంచి, ప్యాడ్ ఒక్కటే మార్చినప్పుడే ఆ ఫలితానికి విలువ ఉంటుంది. పల్నాడు జిల్లా నూజెండ్ల వంటి ఎండ ప్రాంతాల్లో పగటికీ రాత్రికీ గది వేడిలో వచ్చే తేడా మామూలు ప్యాడ్ తెచ్చే తేడా కంటే ఎక్కువ. అందుకే అక్కడ ఈ నియమానికి మరింత ప్రాధాన్యం ఉంది.

ప్రాంతీయ నేపథ్యం

నూజెండ్ల వినుకొండ శాసనసభ నియోజకవర్గంలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడేవరకు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. ఇదే జిల్లాలోని రెంటచింతల ఎండలకు రాష్ట్రమంతటా పేరుపడింది. వేసవిలో అక్కడ 45 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులున్నాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రేకుల ఇళ్లు, మేడమీది గదులు పొద్దుపోయాక కూడా త్వరగా చల్లారవు. చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌ను 35 డిగ్రీలకు మించని చోట వాడమని సూచిస్తాయి. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది ఆ హద్దును సులువుగా దాటేస్తుంది. పైగా పత్తి, మిరప పండే ఈ నేలలో దుమ్ము, నూగు ఎక్కువ. అవి ల్యాప్‌టాప్ గాలి రంధ్రాల్లోనూ లోపలి లోహపు రేకుల మధ్యా పేరుకుని గాలిని అడ్డుకుంటాయి.

వేడి పుట్టే తీరు

ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఇంటెల్ కోర్ ఐ7-12700హెచ్ ప్రాసెసర్ మూల విద్యుత్ పరిమితి 45 వాట్లు, గరిష్ఠ టర్బో పరిమితి 115 వాట్లు. చిప్ దగ్గర పుట్టిన వేడిని రాగి గొట్టాలు పలుచని లోహపు రేకులకు చేరవేస్తాయి. ఫ్యాన్లు దాన్ని బయటికి ఊదేస్తాయి. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో చాలావాటికి గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ చిప్‌లలో పలువాటికి 95. ఆ హద్దుకు చేరగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఆట మధ్యలో ఫ్రేములు ఉన్నట్టుండి పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

వేడి వస్తువు చల్లారే వేగం చుట్టూ ఉన్న గాలితో దానికున్న ఉష్ణోగ్రతా భేదాన్ని బట్టి ఉంటుందని న్యూటన్ 1701లో ప్రకటించాడు. ల్యాప్‌టాప్‌కు అన్వయిస్తే, వాట్లు, ఫ్యాన్ వేగం మారనంతవరకు చిప్ వేడి గది వేడి కంటే దాదాపు ఒకే అంతరంలో పైన ఉంటుంది. 28 డిగ్రీల గదిలో 83 దగ్గర నిలిచే చిప్, 38 డిగ్రీల గదిలో 93 దగ్గరికి చేరుతుంది. తెల్లవారుజామున ప్యాడ్‌తో, మధ్యాహ్నం ప్యాడ్ లేకుండా కొలిచి పోల్చితే, అందులో కనిపించే తేడా చాలావరకు సూర్యుడిదే.

ప్యాడ్ రకాలు

మామూలు ప్యాడ్‌లో జాలీ కింద చిన్న ఫ్యాన్లుంటాయి. ఇవి యూఎస్‌బీ కరెంటుతో తిరుగుతాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రామాణికంగా ఇచ్చేది 5 వోల్టుల వద్ద 500 మిల్లీయాంపియర్లు, అంటే 2.5 వాట్లే. ఊదిన గాలిలో చాలాభాగం పక్కలకు పోతుంది కాబట్టి ప్రయోజనం సాధారణంగా కొద్ది డిగ్రీలకే పరిమితం. రెండో రకంలో ల్యాప్‌టాప్ అంచుల చుట్టూ స్పాంజి పట్టీ ఉంటుంది. విడి అడాప్టర్‌తో నడిచే బ్లోయర్ గాలిని ఒత్తిడితో లోపలికి నెడుతుంది. బయటికొచ్చిన వేడి గాలి మళ్లీ అడుగు నుంచి లోపలికి పోకుండా పట్టీ ఆపుతుంది. ఇవి ఎక్కువ ఫలితమిస్తాయి, కానీ చప్పుడూ ధరా కూడా ఎక్కువే. గాలి రంధ్రాలు అడుగున లేని ల్యాప్‌టాప్‌లకు ఏ ప్యాడ్ అయినా అంతంతమాత్రమే.

పరీక్షా విధానం

ముందుగా ల్యాప్‌టాప్ దుమ్ము శుభ్రం చేయాలి. ఛార్జర్ పెట్టే పరీక్షించాలి, ఎందుకంటే బ్యాటరీ మీద చిప్‌లు తక్కువ వాట్లతో నడుస్తాయి. మధ్యలో కరెంటు పోతే ఆ విడత కొలతలు వదిలేసి, ల్యాప్‌టాప్ చల్లారాక మళ్లీ మొదలుపెట్టాలి. గది థర్మామీటర్‌ను వేడి గాలి తగలని చోట ఉంచాలి. సీలింగ్ ఫ్యాన్ వేగం, ల్యాప్‌టాప్ పెర్ఫార్మెన్స్ మోడ్, ఆటలోని సన్నివేశం మార్చకూడదు. వీలైతే ల్యాప్‌టాప్ ఫ్యాన్లను ఒకే వేగంలో స్థిరపరచాలి.

పరీక్షను నాలుగు స్థితుల్లో చేయాలి: బల్ల మీద నేరుగా, వెనుక అంచు కింద పుస్తకం పెట్టి లేపి, ప్యాడ్ మీద దాని ఫ్యాన్లు ఆపి, ప్యాడ్ ఫ్యాన్లు నడిపి. అడుగు లేపితే రంధ్రాలకు గాలి బాగా అందుతుంది కాబట్టి, ప్యాడ్ ఘనతలో కొంతభాగం నిజానికి ఎత్తుది. రెండో స్థితి ఆ వాటాను విడదీసి చూపిస్తుంది.

ప్రతి స్థితిలో కనీసం 20 నిమిషాలు భారం మోపి, వేడి నిలకడకు వచ్చాక చివరి ఐదు నిమిషాల సగటు తీసుకోవాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉష్ణోగ్రత, వాట్లు, చిప్ క్లాక్ వేగం నమోదు చేస్తుంది. ప్రతి స్థితినీ క్రమం మార్చి మూడుసార్లు కొలవడం మంచిది.

ఫలితాలు చదివే పద్ధతి

చిప్ ఉష్ణోగ్రతలోంచి అప్పటి గది ఉష్ణోగ్రతను తీసేసి, మిగిలిన అంకెలనే పోల్చాలి. డిగ్రీలతో పాటు వాట్లు చూడటం తప్పనిసరి. హద్దును తాకి ఆగిపోయిన చిప్‌కు ప్యాడ్ గాలి తగిలితే, అది చల్లబడకుండా ఎక్కువ వాట్లు తీసుకుని వేగం పెంచుకోవచ్చు. అప్పుడు ఉష్ణోగ్రత మారకపోయినా ప్యాడ్ పనిచేసినట్టే. వాట్లు, ఫ్రేములు, ఉష్ణోగ్రత మూడూ మారకపోతే ఆ ప్యాడ్ ఆ ల్యాప్‌టాప్‌కు ఉపయోగం లేదని తేల్చవచ్చు.

పరిమితులు, ఇతర మార్గాలు

ప్యాడ్ గది గాలినే ఊదుతుంది. 40 డిగ్రీల గాలిని ఎంత బలంగా ఊదినా ఏ భాగాన్నీ 40 కంటే కిందికి దించలేదు. పొడి వేసవిలో ఎయిర్ కూలర్ గది వేడిని బాగా తగ్గిస్తుంది కానీ, తడిగాలి నేరుగా ల్యాప్‌టాప్‌కు తగలకూడదు. రేకుల మధ్య దుమ్ము తీయించడం, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పించడం, ఫ్రేము రేటుకు పరిమితి పెట్టడం వంటివి వేడిని నేరుగా తగ్గిస్తాయి. అధిక వేడి లిథియం అయాన్ బ్యాటరీ ఆయుష్షును కూడా తగ్గిస్తుంది.

కాబట్టి కొనేముందు ల్యాప్‌టాప్ శుభ్రం చేయించి, పుస్తకంతో లేపి కొలిచి చూడాలి. ఆ తర్వాత కూడా చిప్ హద్దును తాకుతుంటేనే ప్యాడ్‌కు డబ్బు పెట్టడం సబబు.