ఎగ్జిమాకు కొబ్బరినూనె
ఎగ్జిమాలో చర్మం పైపొర తేమను పట్టి ఉంచలేదు. పొడిబారి, కంది, దురదపెడుతుంది. దానిపై రాసే మొక్కల నూనెల్లో కొబ్బరినూనెకు చెప్పుకోదగ్గ ఆధారముంది. ఇందులో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. ఎగ్జిమా చర్మంపై తరచూ తిష్ఠవేసే స్టెఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియాను అది అణచగలదు. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లలపై 8 వారాలు జరిపి, 2014లో ప్రచురించిన పరీక్షలో మినరల్ ఆయిల్ కంటే వర్జిన్ కొబ్బరినూనె మెరుగైన ఫలితమిచ్చింది. స్నానం కాగానే, ఒళ్లు చెమ్మగా ఉండగానే, అరచేతిలో కాస్త వెచ్చబరిచి పల్చగా రాయాలి, గట్టిగా రుద్దకూడదు. సువాసన కలిపిన తలనూనెలు వద్దు. ఆలివ్ నూనె రక్షణపొరను బలహీనపరుస్తుంది కాబట్టి అదీ వద్దు. మన ఇళ్లలో పట్టించే వేపాకు ముద్ద పగిలిన చర్మాన్ని మండించవచ్చు. వైద్యులు రాసిన స్టెరాయిడ్ పూతను నూనె కోసం ఆపకూడదు. రసి కారినా, జ్వరం వచ్చినా వెంటనే చర్మవైద్యులకు చూపించాలి.