సేవక విద్యార్థి

ప్రసంగీకుడైన జార్జి విట్‌ఫీల్డుగారి పేరు చదువరులలో అనేకులు వినియుందురు. బయలు ప్రదేశములలో వేలమందికి బోధించిన ఆయన, కళాశాలలో తోటి విద్యార్థులకు పరిచారకుడై చదువుకొనెనని ఎరిగినవారు కొద్దిమందే.

1714లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణమున జన్మించెను. రెండేండ్ల ప్రాయమున తండ్రి పోయెను. తల్లి పూటకూళ్ల యిల్లు నడుపుచుండెను. బాలుడు బడి మాని, నడుమునకు నీలిగుడ్డ చుట్టుకొని, గదులు కడుగుచు ఏడాదికి పైగా గడిపెను. ఇంతలో పాత బడిస్నేహితుడొకడు వచ్చి, తాను ఆక్స్‌ఫర్డులో సేవక విద్యార్థిగా చదువుచు, మూడు నెలల ఖర్చు పోను ఒక పెన్నీ మిగుల్చుకొంటినని చెప్పెను. ఆ పెన్నీ మాట తల్లికి ఎంతో ఆశ పుట్టించెను. జార్జి మరల బడికిపోయి, 1732 నవంబరులో పెంబ్రోక్ కళాశాలలో చేరెను.

సేవక విద్యార్థియనగా, జీతము మినహాయింపు పొంది, బదులుగా ధనవంతుల బిడ్డలకు పనిచేయువాడు. అతని గౌను సయితము వేరు. పూటకూళ్ల యింట నేర్చిన పని జార్జికి అక్కరకు వచ్చెను. మొదటి మూడేండ్లలో బంధువులందరికి కలిసి 24 పౌండ్లకు మించి ఖర్చు కాలేదు. ఆ కళాశాలలోనే 1728లో చేరిన శామ్యూల్ జాన్సను, తరువాత గొప్ప నిఘంటువు వ్రాసినవాడు, డబ్బులేక మరుసటి యేట చదువు విడిచి వెళ్లెను. అతని చిరిగిన జోళ్లు చూచి ఎవరో గుమ్మమున క్రొత్తవి పెట్టగా, అభిమానముచే విసరివేసెనట!

జార్జిని బాధించినది పేదతనముకంటె ఒంటరితనము. గదిలోనివారు తమ విచ్చలవిడి విందులకు రమ్మని బలవంతపెట్టగా, అతడు చలికి కాళ్లు చేతులు కొయ్యబారువరకు తన చదువు మూలను ఒంటిగా కూర్చుండెడివాడు. వెస్లీ సోదరుల చిన్న గుంపును దూరమునుండి చూచుచు, ఏడాదికి పైగా పలుకరింప ధైర్యము లేకపోయెను. తుదకు పేదల పనిశాలలో ఒక స్త్రీ గొంతు కోసికొన యత్నించెనని విని, ఆపిలుపండ్లమ్ము ఒకామెచేత చార్లెస్ వెస్లీకి కబురంపి, తన పేరు చెప్పవద్దనెను. ఆమె చెప్పెను. మంచి పని చేసెను! మరునాటి ఉదయమే చార్లెస్ అతనిని ఫలహారమునకు పిలిచెను.

అంతటితో కుదుటపడలేదు. ఆ గుంపులో చేరినందుకు కొందరు మన్ను విసరిరి, కొందరు ఇచ్చు డబ్బు మానిరి. పేదలను దర్శించినయెడల వెళ్లగొట్టుదునని కళాశాల అధిపతి బెదిరించెను. 1735 శ్రమదినములలో ముతక రొట్టెతో, చక్కెరలేని ఆకు తేనీటితో ఉపవసించి, మెట్లెక్కలేనంత నీరసించెను. ఇక్కడ అతని భక్తి హద్దు మీరెనని నా తలంపు. వైద్యుని పంపినది అతని ఉపాధ్యాయుడు. పుస్తకములు ఎరువిచ్చినదియు, డబ్బిచ్చినదియు, గదికి వచ్చి చూచినదియు ఆయనే. బిడ్డలను పట్నమునకు చదువుకు పంపు తలిదండ్రులు గది వెదకునప్పుడు ఇట్టి పెద్దను ఒకరిని కూడ వెదకుట మేలు.

సుమారు ఏడు వారములు మంచమున నుండి, ఆ రోగములోనే సమాధానము పొందెను. 1736 జూనులో అభిషేకము పొంది, తాను చదివిన బడిని ఆనుకొనియున్న గుడిలో తొలి ప్రసంగము చేసెను. పిమ్మట ఆక్స్‌ఫర్డుకు తిరిగిపోయి, ఆ యేడే బి.ఏ. పట్టము పుచ్చుకొనెను.